కారవాన్ వెనక రేకు మీద గీత

దయ్యాల మాట ఎత్తితే మా ఇంట్లో ముందుగా నవ్వేది నేనే. నర్సు ట్రైనింగ్‌లో ఉండగా మార్చురీ పక్క గదిలో కూర్చుని చద్దన్నం తిన్నదాన్ని. మా నాన్న మిషన్ స్కూల్లో మాస్టారు. "పోయినవాళ్ళు దేవుడి దగ్గర ఉన్నారు, వాళ్ళకి మన పెరట్లో పనేముంది" అనేవారు. ఇప్పటికీ నా నమ్మకం అదే. అందుకే ఈ సంగతి ఇన్నేళ్ళూ ఇంట్లోవాళ్ళకీ, మరో ఇద్దరు ముగ్గురికీ తప్ప ఎవరికీ చెప్పలేదు. మిమ్మల్ని నమ్మమనడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను, ఆపైన మీ ఇష్టం.

డెబ్బైల్లో నేనూ మా ఆయన ఒమాన్‌లో పనిచేశాం. మాది నరసాపురం వైపు. నేను నర్సుని, ఆయన డ్రైవరు, మెకానిక్కు కూడా. మొదట బర్కాలో ఒక చిన్న క్లినిక్‌లో ఉన్నాం. అప్పటికి దేశంలో తారు రోడ్లు అక్కడక్కడే పడుతున్నాయి. రోడ్డు చేరని తీరపు ఊళ్ళకి ఆస్పత్రినే తీసుకెళ్ళాలని పైవాళ్ళు అనుకున్నారు. ఒక ల్యాండ్‌రోవరు, దాని వెనక తగిలించిన ఒక కారవాన్, మేమిద్దరం. అదీ ఆస్పత్రి.

ఆ కారవాన్ గురించి చెప్పకపోతే నాకు తోచదు. ఎవరో తెల్లదొరల కుటుంబం సెలవులకి తిరగడానికి కొనుక్కుని, దేశం వదిలి వెళ్తూ అమ్మేసిందట. కిటికీలకి పూల పరదాలు అలాగే ఉన్నాయి. పగలు బల్ల, రాత్రి మడత విప్పితే మంచం. గ్యాసుతో నడిచే బుల్లి ఫ్రిజ్, అందులో కింద మందులు, పైన మా మజ్జిగ. మధ్యలో ఒక పరదా కట్టి ముందు భాగం క్లినిక్ చేశాం, వెనక భాగం మా కాపురం. కొత్తగా పెళ్ళయినవాళ్ళం. ఒకరు తిరగాలంటే రెండోవాళ్ళు కూర్చోవాలి. ఆ పెట్టెలో ఉన్నంత సుఖంగా తర్వాత మూడు గదుల ఇంట్లో కూడా లేను.

ఖబూరా వైపు కొన్నాళ్ళు తిరిగాక మమ్మల్ని సూర్ దాటి దక్షిణంగా ఉన్న ఒక చేపల ఊరికి పంపారు. ఆ ఊరి పేరు రాయను, నేను చెప్పబోయే కుటుంబం వాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. వెనక నల్లటి కొండలు, ముందు తెల్లటి ఇసుక, చదునైన కప్పులతో మట్టి ఇళ్ళు. చలికాలంలో ఆ సముద్రంలోకి తిమింగలాలు వచ్చేవి. శుక్రవారాలు మస్కట్ నుంచి దొరలు గుడారాలు, మడత కుర్చీలు వేసుకుని వచ్చి మా కారవాన్ పక్కనే దిగేవాళ్ళు. బైనాక్యులర్లు పట్టుకుని పొద్దస్తమానం కూర్చునేవాళ్ళు. మా ఆయనకి కూడా అదే పిచ్చి పట్టుకుంది. ఆయన చూసినప్పుడు తిమింగలం రాదు, ఆయన కారవాన్ కింద పనిలో ఉన్నప్పుడు వస్తుంది. "నిన్ననే వచ్చింది సాదిక్", అంటే నేస్తం, అని ఊళ్ళోవాళ్ళు చెప్పినప్పుడల్లా ఆయన మొహం చూడాలి.

ఆ ఊరి మనుషుల్లాంటివాళ్ళని నేను మళ్ళీ చూడలేదు. ఇంట్లో ఉన్నది నాలుగు ఖర్జూరాలే అయినా గుమ్మం ముందు నుంచి ఊరికే వెళ్ళనివ్వరు. కాఫీ తాగి కప్పు ఊపితేనే ఇంక చాలని అర్థం. ఊపడం తెలియక మొదటి రోజు ఎన్ని కప్పులు తాగానో దేవుడికే తెలియాలి. మాట ఇస్తే మాటే. రేపు చేప తెచ్చిస్తానన్నవాడు జ్వరంతో పడుంటే, వాడి తమ్ముడు తెచ్చి ఇచ్చేవాడు.

వాళ్ళందరిలోకీ గొప్ప మనిషి హబ్బూ. హబ్బూ అంటే వాళ్ళ భాషలో నాయనమ్మ, అమ్మమ్మ ఎవరైనా. ఊరంతా ఆమెను అలాగే పిలిచేది, అసలు పేరు నాకూ తెలియదు. ఊళ్ళో మంత్రసాని ఆవిడే. నా భుజం దాకా కూడా రాదు. చేతిలో తన అంత కర్ర. నేను వచ్చిన కొత్తలో నన్ను పైనుంచి కింది దాకా చూసి, "నీకు పిల్లలున్నారా?" అంది. లేరన్నాను. "అయితే నేర్చుకోవడానికి వచ్చావన్నమాట" అంది. నాకు ఒళ్ళు మండింది. తర్వాత ఒక కాన్పులో బిడ్డ అడ్డం తిరిగితే ఇద్దరం కలిసి తెల్లార్లూ పనిచేశాం. ఆ రోజు నుంచి ఆమె నన్ను "బింతీ" అని పిలిచింది, అంటే నా బిడ్డా అని.

ఆ ఊరి ఆనవాయితీ ఒకటి చెప్పాలి. ఆడమనిషికి నొప్పులు వచ్చాయని బిడ్డ పుట్టేదాకా పైకి అనరు. దిష్టి తగులుతుందని భయం. అందుకని హబ్బూ నన్ను పిలవడానికి వస్తే నోరు విప్పేది కాదు. కారవాన్ తలుపు ఊరి వైపు ఉండేది, అక్కడ ఎప్పుడూ మగవాళ్ళు కూర్చుని ఉంటారు. ఆవిడ చుట్టూ తిరిగి సముద్రం వైపు, అంటే వెనక వైపు వచ్చేది. కర్రతో రేకు మీద మూడు దెబ్బలు వేసి, ఆ తర్వాత కర్రను పొడుగ్గా గీకేది. కఱ్ఱ్‌మని పళ్ళు జివ్వుమనేవి. "రంగంతా పాడుచేస్తోంది మీ ముసలమ్మ" అని మా ఆయన గొణిగేవాడు. కానీ ఆ చప్పుడు వినగానే ముందుగా లేచి నా సంచీ అందించేది కూడా ఆయనే. ఆ చప్పుడికి ఒకటే అర్థం, కాన్పు. నేను టీ తాగుతుంటే, పూర్తి చేసి లేద్దామనుకుంటే, మళ్ళీ గీకేది. బయటికి వచ్చాక, "టీ ఎప్పుడైనా పుడుతుంది, బిడ్డ ఇప్పుడే పుడుతుంది" అని కసిరేది.

ఎండలు ముదిరి, సముద్రం పోటెత్తే నెలలు వచ్చేముందు మేము బర్కాకి వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళం. మొదటి ఏడాది అలా వెళ్ళే ముందు హబ్బూ తన మనవరాలు జువైనాని తీసుకొచ్చింది. కొత్తగా పెళ్ళయిన పిల్ల, సన్నగా ఉంటుంది. కళ్ళ కింద రెప్ప లాగి చూశాను, రక్తం చాలా తక్కువగా ఉంది. ఈ పిల్లకి కాన్పు కష్టమవుతుందని నాకూ హబ్బూకూ ఒకేసారి తట్టింది. వాళ్ళమ్మ కూడా కాన్పులోనే రక్తం పోయి చనిపోయింది. ఆ కాన్పు చేసింది హబ్బూనే, తన సొంత కూతురికి. ఆ సంగతి చెబుతుంటే ఆమె గొంతు మామూలుగానే ఉంది, చెయ్యి మాత్రం కర్రను వదల్లేదు.

"దీని వేళ వచ్చినప్పుడు నేనే వచ్చి తడతాను, బింతీ. ఎక్కడున్నా వస్తాను. నువ్వు మాత్రం టీ తాగుతూ కూర్చోకు" అంది.

"అలాగే హబ్బూ, లేచి వస్తాను" అన్నాను.

బర్కాలో ఉండగా మా ఆయన కారవాన్‌కి కొత్త రంగు వేశాడు. వెన్నరంగు. హబ్బూ గీసిన గీతలన్నీ గరుకు కాయితంతో రుద్ది, నున్నగా చేసి, రెండు పూతలు పూశాడు. "ఈసారి మీ ముసలమ్మకి కర్ర చివర గుడ్డ కట్టమని చెప్పు" అన్నాడు. చలికాలం మొదట్లో ఊరికి తిరిగి వచ్చేసరికి హబ్బూ లేదు. మేము లేని నెలల్లో పోయింది. జువైనా గర్భవతి. నేను పలకరింపుకి వెళ్ళి, కాఫీ తాగి, జువైనా అత్తగారి పక్కన కూర్చుని ఏడ్చాను. దగ్గరివాళ్ళు పోతే ఎలా ఏడుస్తామో అలాగే ఏడ్చాను. మా ఆయన తలుపు బయట నిలబడి టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

ఇక పిలుపుకి వచ్చేవాళ్ళు లేరు కాబట్టి ఊరి ఆడవాళ్ళూ నేనూ కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నాం. నొప్పులు వచ్చిన ఇంటి కప్పు మీద తెల్లగుడ్డ కట్టాలి. నోటితో చెప్పక్కర్లేదు, నేను చూసి వెళ్తాను. రెండు మూడు కాన్పులు అలాగే బాగానే జరిగాయి. ఆ ఏడు తిమింగలాలు ఇంకా రాలేదు, అందుకని ఎవరికీ తట్టని సంగతి ఒకటుంది. తిమింగలం దగ్గరికి వస్తే పడవల్లో ఉన్నవాళ్ళకి తెలియదు, ఇళ్ళ కప్పుల మీద ఉన్నవాళ్ళకి ముందు కనబడుతుంది. వలలో పడితే చింపేస్తుంది. అందుకని వలలు ఎత్తి ఒడ్డుకి రమ్మని ఆడవాళ్ళు కప్పుల మీద గుడ్డలు కడతారు. తరతరాల నుంచి ఉన్న అలవాటు. అవి కూడా తెల్లగుడ్డలే.

ఇప్పుడు ఆ రోజు సంగతి.

తరువాతి ఊరికి బయల్దేరే రోజు. రెండు వారాల్లో తిరిగి వస్తాం. జువైనాకి మా లెక్క ప్రకారం ఇంకా నెల ఉంది. ముందురోజే వెళ్ళి చూశాను, బాగానే ఉంది. మధ్యాహ్నం దాటింది, పొద్దు వాలకముందు చేసే అసర్ నమాజు అయిపోయింది. ఆ రోజు పోటు ఎక్కువగా ఉండి, నీళ్ళు కారవాన్ వెనక జాకీ కాళ్ళ దాకా వస్తున్నాయి. ఇసుక మెత్తబడితే చక్రాలు దిగిపోతాయని మా ఆయన తొందరపడుతూ కిందికి దూరి వెనక జాకీలు ఎత్తుతున్నాడు. నేను లోపల సీసాలు గుడ్డల్లో చుట్టి అల్మరాలో పెట్టి, ఆఖరి టీ పోసుకున్నాను.

అప్పుడే ఊళ్ళో కేకలు. తిమింగలం. కిటికీలోంచి చూస్తే కప్పులన్నిటి మీదా తెల్లగుడ్డలు లేస్తున్నాయి. పడవలు ఒడ్డుకి వస్తున్నాయి. పిల్లా పీచూ, ముసలీ ముతకా అందరూ ఊరి ఉత్తరాన ఉన్న రాతి గుట్ట మీదికి పరుగెత్తుతున్నారు. "ఏమండీ, వచ్చిందట" అని అరిచాను. "వస్తుందే, నేను కింద ఉన్నాను కదా, రాక ఏం చేస్తుంది" అని కింద నుంచి జవాబు వచ్చింది. ఈ ఒక్క జాకీ అయ్యాక ఇద్దరం వెళ్దామన్నాడు. నేను టీ గ్లాసు ఎత్తాను.

వెనక రేకు మీద మూడు దెబ్బలు. ఆ తర్వాత పొడుగ్గా గీకిన చప్పుడు.

గ్లాసు సింకులో పెట్టాను. కాన్పు సంచీ భుజానికి తగిలించుకున్నాను. ఫ్రిజ్ తెరిచి గర్భసంచి ముడుచుకునే ఇంజెక్షన్ తీసి తడిగుడ్డలో చుట్టాను. ఏమీ ఆలోచించలేదు. ఎన్నోసార్లు చేసిన పని, చేతులు వాటంతట అవే చేశాయి. కింద నుంచి మా ఆయన గొంతు కూడా వినిపించింది, చాలా మామూలుగా.

"ఏవే, మీ ముసలమ్మొచ్చింది చూడు."

"ఆఁ, వెళ్తున్నాను" అని మెట్లు దిగాను.

వెనక్కి వెళ్ళి చూడలేదు. ఎప్పుడూ నేను దిగేసరికి ఆవిడ ముందు నడుస్తూనే ఉండేది, నేను వెనక పరుగెత్తేదాన్ని. అలవాటుగా సందులోకి తిరిగాను. ఊరు ఖాళీగా ఉంది. మేకలు తప్ప ఎవరూ లేరు. సందు సగం దాటాక, ముందు ఎవరూ నడవడం లేదని గమనించాను. అప్పుడు గుర్తొచ్చింది, హబ్బూ చనిపోయింది కదా.

అక్కడే ఆగిపోయాను. మంచి ఎండ, నా నీడ నా పక్కనే ఉంది. నాన్న నేర్పిన ప్రార్థన నోటికి రాలేదు. తల ఎత్తి చూస్తే అన్ని కప్పుల మీదా తెల్లగుడ్డలే. ఏ ఇల్లని వెళ్ళను? ఇదంతా నా భ్రమ అనుకుని వెనక్కి తిరగబోయాను. అప్పుడు ఆవిడ మాట జ్ఞాపకం వచ్చింది. నేనే వచ్చి తడతాను, అంది. ఎవరికోసం అందో గుర్తొచ్చి పరుగెత్తాను.

జువైనా ఇల్లు ఊరి చివర. కప్పు మీద తెల్లగుడ్డ ఉంది. లోపల అత్తగారు జువైనా తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బిడ్డ అప్పటికే పుట్టింది, పక్కన గుడ్డలో చుట్టి ఉంది, ఏడుస్తోంది. చాప కింద రక్తం. నెల ముందే నొప్పులు వచ్చి, గబగబా కాన్పు అయిపోయి, ఆ తర్వాత రక్తం ఆగలేదు. గుడ్డ మధ్యాహ్నం కట్టారు, సామాను సర్దుకునే తొందరలో నేను తల ఎత్తి చూడలేదు. నేను రాకపోయేసరికి అత్తగారు గుమ్మంలోకి వచ్చి చూస్తే, ఊరంతా గుడ్డలు. పిలుద్దామంటే మనిషి లేడు, వదిలి వెళ్దామంటే కోడలు చల్లబడిపోతోంది.

మిగతాది నర్సులకి తెలిసిన పనే. ఇంజెక్షన్ చేశాను. పొత్తికడుపు మీద చెయ్యి వేసి గర్భసంచి గట్టిపడేదాకా రుద్దుతూనే ఉన్నాను. కాళ్ళ కింద బియ్యం బస్తా పెట్టించాను. నాడి దొరక్క దొరక్క దొరికింది. రక్తం తగ్గింది, ఆ తర్వాత ఆగింది. జువైనా కళ్ళు తెరిచి నీళ్ళు అడిగింది. ఇంకో అరగంట ఆలస్యమై ఉంటే నేను వచ్చి చేసేది ఏమీ ఉండేది కాదు. ఆ అరగంటలో మేము తిమింగలాన్ని చూస్తూ గుట్ట మీదైనా ఉండేవాళ్ళం, కొండ మలుపైనా దాటిపోయి ఉండేవాళ్ళం.

అత్తగారు కాఫీ పెట్టింది. గుడ్డ చూసి రాలేదని, హబ్బూ కర్ర చప్పుడు విని వచ్చానని ఆమెకి చెప్పేశాను. భయపడుతుందనుకున్నాను. ఆమె నా వైపు వింతగా చూసింది, ఇందులో చెప్పడానికి ఏముందన్నట్టు.

"వస్తానని చెప్పింది కదా" అంది. బిడ్డను నా ఒళ్ళో పెట్టి గిన్నెలు కడగడానికి వెళ్ళింది. ఆడపిల్ల.

నేను బయటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. మా ఆయన ఆ ఇంటి గోడ దగ్గర కూర్చుని ఉన్నాడు. నన్ను వెతుక్కుంటూ వచ్చి, ఆడవాళ్ళ ఇల్లు కాబట్టి బయటే ఆగిపోయాడు. ఆ గోడ దగ్గరి నుంచి సముద్రమంతా కనబడుతుంది. ఆయనకి ఆ రోజు తిమింగలం కనబడింది. తోక ఎత్తి కొట్టిందట, ఒంటరిగా చూశాడట. ఇంకో రోజైతే చెవులు చిల్లులు పడేలా చెప్పేవాడు. ఆ రోజు దాని మాటే ఎత్తలేదు.

"రత్నం, నాకు కాళ్ళు కనబళ్ళేదే" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. నెమ్మదిగా చెప్పాడు. కారవాన్ కింద పనిచేసేటప్పుడు వచ్చేపోయేవాళ్ళ కాళ్ళే ఆయనకి కనబడేవి. కాళ్ళని బట్టే ఎవరో చెప్పేవాడు. హబ్బూ వెండి కడియాలు ఆయనకి బాగా తెలుసు. ఆ రోజు ఆయన తల సముద్రం వైపే ఉంది. దెబ్బలు సరిగ్గా ఆయన మొహానికి పైన పడ్డాయి. అలవాటుగా నన్ను పిలిచాడు. పిలిచాక తల తిప్పి చూశాడు. జాకీల అవతల నురుగు, నీళ్ళు. మనిషి కాళ్ళు లేవు. బయటికి పాక్కుంటూ వచ్చి చుట్టూ చూశాడు. తడి ఇసుకలో అడుగులు కూడా లేవు. మా ఆయన అబద్ధం ఆడడం ఎరగడు. పేకాటలో మోసం చెయ్యడం కూడా చేతకాని మనిషి.

కారవాన్ దగ్గరికి వెళ్ళి వెనక వైపు చూశాం. కొత్త వెన్నరంగు మీద మూరెడు పొడుగున గీత. నా భుజానికి కిందుగా, హబ్బూ చెయ్యి అందే ఎత్తులో. మా ఆయన వేలితో రాస్తే రంగు పొట్టు రాలింది. ఆ రాత్రి మేము ఊరు కదలలేదు. నేను సింకులో చల్లారిన టీ పారబోసి గ్లాసు కడిగాను.

ఆ తర్వాత చాలా ఏళ్ళు మా ఆయన కారణాలు వెతికాడు. ఎండ తగ్గితే రేకు టిక్కుమంటుంది, నిజమే. మూడుసార్లు కొట్టి గీకదు. అలల్లో కొట్టుకొచ్చిన చెక్క తగిలిందేమో అన్నాడు. అలలు జాకీల అడుగునే ఆగిపోయాయి, అంత ఎత్తుకి లేవలేదని మళ్ళీ తనే అన్నాడు. మస్కట్‌లో ఒక డాక్టరుగారికి చెబితే, తిమింగలాల అరుపు చాలా దూరం పోతుందని, దానికి రేకు అదిరి ఉంటుందని అన్నారు. నేను కాదనలేదు. అదిరితే రంగు ఎందుకు గీసుకుపోయిందని అడగాలనిపించింది, పెద్దాయన కదా అని ఊరుకున్నాను. మా పాస్టరుగారికి చెబితే, దేవుడు తన పనికి ఎవరినైనా పంపుతాడమ్మా అన్నారు. అదీ కాదనలేదు. కానీ దేవుడు పంపాడా, ఆవిడే వచ్చిందా, మా ఇద్దరి చెవులూ ఒకేసారి మమ్మల్ని మోసం చేశాయా, నాకు ఈ రోజుకీ తెలియదు. దయ్యాలంటే నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. హబ్బూని ఆ మాట అనడానికి నాకు నోరు కూడా రాదు.

మేము ఇంకా కొన్నేళ్ళు ఆ కారవాన్‌లో తిరిగాం. ఉప్పుగాలికి రంగు నిలవదు కాబట్టి ప్రతి ఏడూ బర్కాలో మా ఆయనే కొత్త రంగు వేసేవాడు. తలుపులు, కిటికీ చట్రాలు, చక్రాల మూతలు అన్నీ ఓపిగ్గా పూసేవాడు. వెనక వైపు మాత్రం ఆ గీత చుట్టూ చెయ్యంత మేర వదిలేసేవాడు. ఎందుకు వదిలేశారని ఒకసారి అడిగాను.

"రంగు చాల్లేదే" అన్నాడు.

ప్రతి ఏడూ అక్కడికి వచ్చేసరికే రంగు అయిపోయేది.